వైద్యంలోకి రాకముందు చేసిన ఉద్యోగాన్ని అమెరికా రెసిడెన్సీ దరఖాస్తులో ఎలా చెప్పుకోవాలి

మన దేశంలో పీజీ సీటుకు పోటీపడే డాక్టరును అంతకుముందు ఏం పని చేశారని ఎవరూ అడగరు. నీట్ పీజీలో 200 ప్రశ్నలు, 800 మార్కులు, వచ్చిన ర్యాంకు, ఆ ర్యాంకుకు తగ్గ కౌన్సెలింగు. అంతటితో ఆ వ్యవహారం ముగుస్తుంది. అమెరికాలో రెసిడెన్సీకి, అంటే అక్కడి స్పెషాలిటీ శిక్షణకు, దరఖాస్తు చేసినప్పుడు అలా ముగియదు. ఎరాస్ అనే ఉమ్మడి దరఖాస్తులో మీరు చదివినవీ, చేసినవీ నెలలతో సహా కనిపిస్తాయి, మధ్యలో ఖాళీగా ఉన్న కాలం కూడా వాటి పక్కనే కనిపిస్తుంది. అమెరికా వైద్య లైసెన్సు పరీక్షల్లో (యూఎస్‌ఎంఎల్‌ఈ) మొదటిదైన స్టెప్ 1కు 2022 జనవరి నుంచి స్కోరు ఇవ్వడం మాని పాస్, ఫెయిల్ మాత్రమే చెబుతున్నందువల్ల దరఖాస్తులోని మిగతా భాగానికి బరువు పెరిగింది. ఎంబీబీఎస్‌కు ముందు మరో ఉద్యోగం చేసి వచ్చినవారిని ఆ ఉద్యోగం గురించి తప్పకుండా అడుగుతారు: అక్కడ ఏం చేశారు, ఎందుకు వదిలారు, ఆ పని మీకు ఇప్పుడు వార్డులో ఎలా ఉపయోగపడుతోంది?

పరవాడ ఫార్మా సిటీలో కెమిస్టుగానో, రుషికొండ ఐటీ కంపెనీల్లో ప్రోగ్రామరుగానో, స్టాఫ్ నర్సుగానో, ఫిజియోథెరపిస్టుగానో, మెడికల్ కోడింగ్‌లో రాత్రి షిఫ్టుల్లోనో పనిచేసి, ఆ తర్వాత డాక్టరు చదువుకు వచ్చినవారిని విశాఖపట్నంలో నేను చాలామందిని చూశాను. నీట్ యూజీకి ఉన్న గరిష్ఠ వయోపరిమితిని 2022 మార్చిలో తీసివేశారు కాబట్టి ఇకముందు ఇంకా ఎక్కువమంది కనిపిస్తారు. నేనూ బీఫార్మసీ చదివి, పరవాడలోని ఒక మాత్రల కంపెనీలో నాణ్యత పరీక్షల ల్యాబులో మూడేళ్లు పనిచేసి, ఆ తర్వాతే ఎంబీబీఎస్‌లో చేరాను. మొదటిసారి రెసిడెన్సీకి దరఖాస్తు చేసినప్పుడు ఆ మూడేళ్లను ఎలా చెప్పాలో తెలియలేదు, ఒక్క ఇంటర్వ్యూ కూడా రాలేదు. రెండోసారి అవే స్కోర్లతో, ఒక అబ్జర్వర్‌షిప్ (అమెరికా ఆసుపత్రిలో డాక్టర్ల పక్కనుండి పని గమనించడం) అదనంగా చేర్చి, దరఖాస్తు మొత్తాన్ని తిరగరాసి పంపాను. ఇంటర్నల్ మెడిసిన్‌లో సీటు దొరికింది. ఆ తిరగరాయడంలో నేర్చుకున్నదాన్నే ఇక్కడ వరసగా చెబుతున్నాను.

ముందుగా తేదీలు సరిచూసుకోండి

ఒక్క మాట రాయకముందే ఒక కాగితం మీద ఇంటర్మీడియట్ నుంచి నేటి దాకా ప్రతి నెలకూ లెక్క రాసుకోండి. ఉద్యోగంలో చేరిన తేదీ, మానేసిన తేదీ, ఆ తర్వాత నీట్‌కు చదువుకున్న నెలలు, హౌస్ సర్జన్సీ ముగిసిన రోజు, ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే దగ్గరుండి చూసుకున్న కాలం, అన్నీ అందులో ఉండాలి. జ్ఞాపకం మీద ఆధారపడవద్దు. రిలీవింగ్ లెటరు, అనుభవ ధ్రువపత్రం, పీఎఫ్ ఖాతాలోని సర్వీసు వివరాలు ముందు పెట్టుకుని చూడండి. పీఎఫ్ వెబ్‌సైటులో యూఏఎన్ నంబరుతో తెరిస్తే చేరిన తేదీ, వదిలిన తేదీ రెండూ కనిపిస్తాయి. పాత కంపెనీ రిలీవింగ్ లెటరు ఇవ్వకుండా మీరు వచ్చేసి ఉంటే, దాని కోసం ఇప్పుడే అడగడం మొదలుపెట్టండి, ఎందుకంటే అక్కడ మిమ్మల్ని ఎరిగిన మేనేజరు మారిపోయిన తర్వాత ఆ కాగితం తెచ్చుకోవడం చాలా కష్టమవుతుంది.

ఈ తేదీలే రెజ్యూమెలో, లింక్‌డిన్‌లో, రేపు హైదరాబాదు కాన్సులేటులో వీసాకు నింపే డీఎస్-160లో కూడా ఉండాలి. ఆ ఫారంలో గత 5 ఏళ్ల ఉద్యోగాల వివరాలు అడుగుతారు. ఒకచోట జూన్ అనీ, మరోచోట ఆగస్టు అనీ ఉంటే అది పొరపాటేనని మీకు తెలుసు, చదివేవారికి తెలియదు. ఇంకో సంగతి: ఎరాస్‌లో అనుభవాల భాగాన్ని ఒకసారి సర్టిఫై చేసి పంపిన తర్వాత ఆ సీజనులో దిద్దుకునే వీలుండదు. మీ గురించి మీరు రాసుకునే వ్యాసాన్ని, అంటే పర్సనల్ స్టేట్‌మెంటును, మాత్రం తర్వాత కూడా మార్చుకోవచ్చు. అందుకని ఉన్న సమయంలో ఎక్కువ భాగాన్ని మార్చలేని భాగానికే కేటాయించండి. రెసిడెన్సీ శిక్షణ ఇచ్చే ప్రోగ్రాములు దరఖాస్తులు తెరిచేది సెప్టెంబరు చివరి వారంలో. మే నెలలోనే ఈ లెక్క పూర్తయి ఉంటే తొందరపాటు ఉండదు.

చేసిన పనిని తెలుగులో రాసుకోండి

దరఖాస్తు ఇంగ్లీషులోనే వెళ్తుంది. అయినా మొదటి ప్రతిని తెలుగులో, అదీ మీ అమ్మకో, ఊళ్లో ఉన్న మేనమామకో చెబుతున్నట్టు రాయమని నేను అందరికీ గట్టిగా చెబుతాను. ఇంగ్లీషులో మొదలుపెడితే ఎవరో వాడి వదిలేసిన మాటలు ముందుగా చేతికి వస్తాయి. నాకూ అలాగే వచ్చాయి. మొదటి ఏడాది నేను రాసిన వాక్యం సారాంశం ఇది: “నాణ్యత పట్ల నిబద్ధత, బృందంతో కలిసి పనిచేసే గుణం, సమస్యలను పరిష్కరించే నైపుణ్యం ఈ ఉద్యోగంలో నాకు అలవడ్డాయి.” ఈ వాక్యాన్ని పేరు మార్చి బ్యాంకు గుమాస్తా రాసుకోవచ్చు, హోటలు మేనేజరు రాసుకోవచ్చు. చదివినవారికి నేను రోజూ ఏం చేశానో ఒక్క ముక్క కూడా తెలియదు.

రెండో ఏడాది మా అమ్మకు చెప్పినట్టు రాసుకున్నది ఇలా ఉంది: “మూడేళ్లు ఏ, బీ, సీ షిఫ్టుల్లో పనిచేశాను. తయారైన మాత్రల్లో మందు ఉండాల్సినంత ఉందో లేదో యంత్రం మీద పరీక్షించి, ఫలితం రాసి, సంతకం పెట్టేవాణ్ణి. నా సంతకం లేకుండా ఆ బ్యాచ్ బయటికి వెళ్లేది కాదు. ఫలితం తేడాగా వస్తే కారణం తేలేదాకా నమూనాను మళ్లీ పరీక్షించకూడదన్నది అక్కడి నియమం.” దీన్ని ఇంగ్లీషులో పెట్టడానికి అరగంట పట్టింది, అంతే. పని ఏమిటో, బాధ్యత ఎంతో, తప్పు జరిగితే ఏమవుతుందో నాలుగు వాక్యాల్లో తేలిపోయింది.

ఇలా రాసుకున్న తర్వాత, ఆ ఉద్యోగంలో మీకు బాగా గుర్తున్న ఒకే ఒక్క రోజును ఎంచుకోండి. బహుమతి వచ్చిన రోజే కావాలని లేదు. నేను ఎంచుకున్నది నేను తప్పు చేసిన రోజు. సీ షిఫ్టులో తెల్లవారుజామున ఒక బ్యాచ్‌లో మందు పాళ్లు దాదాపు సగమే ఉన్నట్టు ఫలితం వచ్చింది. వెంటనే ఇంకో నమూనా పెట్టి చూడాలనిపించింది, కానీ నియమం ఒప్పుకోదు. చేసిన ప్రతి పనినీ వెనక్కి చూసుకుంటూ వస్తే, ద్రావణాన్ని పలుచన చేసేటప్పుడు 10 మిల్లీలీటర్ల పిపెట్టు తీసుకోవాల్సిన చోట 5 మిల్లీలీటర్లది తీసుకున్నానని సింకు పక్కన పెట్టిన పిపెట్టును చూశాక అర్థమైంది. మాత్రల్లో ఏ లోపమూ లేదు. ఆ సంగతి నా చేతిరాతతో రాసి, సూపర్‌వైజరు సంతకం తీసుకుని, ఆ తర్వాతే మళ్లీ పరీక్షించాను.

ఈ సంఘటన ఒంటరిగా ఉంటే రెసిడెన్సీకి పనికిరాదు. దానికి జతగా వార్డులో జరిగిన సంగతి ఒకటి కావాలి, అది మీరు కల్పించి అతికించినది కాకూడదు. హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు జ్వరంతో చేరిన ఒక యువకుడి రక్తంలో పొటాషియం 6.8 అని రిపోర్టు వచ్చింది. అది నిజమైతే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ అతనికి మామూలుగానే ఉంది, మనిషి మంచం మీద కూర్చుని ఇడ్లీ తింటున్నాడు. వెంటనే ఈసీజీ తీసి డ్యూటీ పీజీకి చూపించాను. అందులో మార్పులేమీ లేవు. రక్తం ఎవరు, ఎలా తీశారని అడిగితే, సన్నని సూదితో సిరంజిని గట్టిగా లాగి తీశామని చెప్పారు. అలా లాగినప్పుడు ఎర్ర రక్తకణాలు చిట్లి, వాటిలోని పొటాషియం బయటికి వచ్చి, లేని పెరుగుదలను చూపిస్తుంది. పీజీ అనుమతితో మళ్లీ జాగ్రత్తగా తీసి పంపితే 4.3 వచ్చింది. అంకె తేడాగా ఉంటే నమూనా ఎలా వచ్చిందని అడగడం, అలాగని ఆ అంకెను పక్కన పడేయకుండా ముందు ప్రమాదం లేదని తేల్చుకోవడం, ఈ రెండూ ల్యాబులో అలవాటైనవే. నా పాత ఉద్యోగం గురించి నేను చెప్పవలసినదంతా ఈ రెండు సంఘటనల మధ్యే ఉందని నాకు రెండో ఏడాది తెలిసింది.

మీ రంగం వేరైతే మీ జత వేరుగా ఉంటుంది. సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చినవారు తప్పకుండా రాసే మాట ఒకటుంది: ప్రోగ్రాములో తప్పు వెతకడమూ, రోగిలో జబ్బు వెతకడమూ ఒకటేనని. దయచేసి దాన్ని వదిలేయండి. అది అబద్ధం కాదు గానీ, అందరూ రాసేది. దాని బదులు ఓపీ చీటీల రద్దీ తగ్గించడానికి మీరు ఒక చిన్న షీటు తయారుచేసి ఉంటే దాని గురించి రాయండి. నర్సుగా పనిచేసినవారు, రాత్రి రెండు గంటలకు డాక్టరును నిద్రలేపాలా వద్దా అని మంచం పక్కన నిలబడి తేల్చుకున్న ఒక సందర్భం రాస్తే, అంతకంటే బలమైన సాక్ష్యం ఇంకొకరి దగ్గర దొరకదు.

రెండువైపులా గోప్యత పాటించాలి. పాత కంపెనీ మందుల పేర్లు, లోపల జరిగిన విచారణల వివరాలు బయటపెట్టవద్దు. రోగి పేరు, ఊరు, గుర్తుపట్టగలిగే సంగతులు రాయవద్దు.

ఎందుకు వదిలారన్నది మూడు వాక్యాల్లో చెప్పండి

ఇక్కడ చాలామంది “డాక్టరు కావాలన్నది నా చిన్ననాటి కల” అని మొదలుపెడతారు. చిన్నప్పటి నుంచీ అదే కల అయితే మధ్యలో ఆరేళ్లు ఇంకో ఉద్యోగం ఎందుకు చేశారని చదివేవారికి వెంటనే సందేహం వస్తుంది. కలే నిజమైతే, దానికి అడ్డం వచ్చినదాన్ని కూడా చెప్పండి. 2016 దాకా మన రాష్ట్రంలో మెడికల్ సీటు ఎంసెట్ ర్యాంకుతోనే వచ్చేది. ర్యాంకు రాకపోతే బీఫార్మసీలోనో, బీఎస్సీలోనో చేరి, ఇంట్లో జీతం అవసరమై ఉద్యోగానికి వెళ్లినవారు ఎంతోమంది. “ర్యాంకు రాలేదు, ఇంటికి జీతం కావాల్సి వచ్చింది, తమ్ముడి చదువు పూర్తయ్యాక మళ్లీ పరీక్ష రాశాను” అని చెప్పడంలో తలవంచుకోవలసినది ఏదీ లేదు. ఈ మూడు ముక్కల్లోనే మీరు బాధ్యత మోసినవారని తెలుస్తుంది.

పాత ఉద్యోగాన్ని, అక్కడి బాసును, జీతాన్ని తిట్టవద్దు. ఆ కంపెనీలో మీకు నిజంగానే అన్యాయం జరిగి ఉండవచ్చు. అయినా తిట్టు వినేవారికి, రేపు మా ప్రోగ్రాము గురించి కూడా ఇలాగే అంటారేమో అనిపిస్తుంది. అలాగే పాత పనిని తక్కువచేసి, అక్కడ తృప్తి లేదు, వైద్యంలోనే ఉంది అని చెప్పడం కూడా మంచిది కాదు. మాత్రలు సరిగా తయారయ్యేలా చూసేవారు లేకపోతే వార్డులో డాక్టరు రాసే చీటీకి విలువేముంది?

చదివేవారి మనసులో ఉండే అసలు అనుమానం మరొకటి: ఒకసారి వదిలినవారు మళ్లీ వదిలేస్తారా? దీనికి మాటతో జవాబు చెప్పలేరు. వదిలిన తర్వాత ఎన్నేళ్లు ఈ దారిలో నిలబడ్డారో తేదీలే చెప్పాలి. నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది హౌస్ సర్జన్సీ, యూఎస్‌ఎంఎల్‌ఈ పరీక్షలు, అబ్జర్వర్‌షిప్ కోసం చేసిన ప్రయాణం, ఇవన్నీ వరసగా కనిపిస్తే ఆ అనుమానం దానంతటదే తగ్గుతుంది. మొదట తేదీల పట్టిక రాయమన్నది ఇందుకు కూడా.

పది గడుల్లో పాత ఉద్యోగానికి ఎన్ని

ఎరాస్‌లో అనుభవాలకు 10 గడులే ఉంటాయి. ఒక్కొక్కదాని వివరణకు 750 అక్షరాలు, ఖాళీలతో కలిపి. వాటిలో 3 అనుభవాలను ముఖ్యమైనవిగా గుర్తుపెట్టి, ఒక్కోదానికి మరో 300 అక్షరాలు రాయవచ్చు. పాత ఉద్యోగానికి ఒక్క గడి చాలు. ఒకే కంపెనీలో మూడు హోదాలు మారితే మూడు గడులు వాడవద్దు, చివరి హోదాను పెట్టి మిగతావాటిని వివరణలో చెప్పండి. వేర్వేరు రంగాల్లో రెండు ఉద్యోగాలు చేసి ఉంటే రెండు గడులు పెట్టవచ్చు, అంతకు మించవద్దు. మిగిలినవి రోగుల దగ్గర చేసిన పనికి కావాలి.

ముఖ్యమైన మూడింటిలో పాత ఉద్యోగాన్ని పెట్టవచ్చా అని చాలామంది అడుగుతారు. మూడేళ్లకు మించి చేసి ఉంటే, వార్డులో దానికి జత సంఘటన ఉంటే, పెట్టండి. ఆరు నెలలు చేసి మానేసిన ఉద్యోగానికి ఆ చోటు ఇవ్వవద్దు. 750 అక్షరాల్లో ఏం చేశారో చెప్పి, ఆ 300 అక్షరాల్లో అది ఇప్పుడు ఎలా పనికివస్తోందో చెప్పండి. రెండుచోట్లా ఒకే సంగతి రాస్తే చోటు వృథా అవుతుంది. ఇవి కాకుండా జీవితంలో ఎదురైన ఇబ్బందుల గురించి 750 అక్షరాల్లో రాసుకునే ఐచ్ఛిక ప్రశ్న ఒకటుంది. ఇంటి పరిస్థితి వల్ల ఉద్యోగానికి వెళ్లవలసి వచ్చినవారికి దాన్ని చెప్పడానికి సరైన చోటు అదే. దాన్ని అక్కడ చెప్పుకుంటే పర్సనల్ స్టేట్‌మెంటు తేలికపడుతుంది.

ఇక్కడే పీజీలో చేరి మధ్యలో వదిలినవారు, ఎండీ పూర్తిచేసి కొంతకాలం ప్రాక్టీసు చేసినవారు ఒక విషయం గమనించాలి. ఆ పీజీ చదువు పాత ఉద్యోగం లెక్కలోకి రాదు, శిక్షణ లెక్కలోకి వస్తుంది. దానికి విడిగా ఉన్న భాగంలో తప్పక రాయాలి, వదిలిన కారణంతో సహా. దాచితే బయటపడుతుంది, బయటపడితే సంజాయిషీ వినేవారు ఉండరు.

పర్సనల్ స్టేట్‌మెంటులో పాత ఉద్యోగం వాటా

ఎరాస్ ఇందులో 28,000 అక్షరాల దాకా అనుమతిస్తుంది గానీ ఎవరూ ఒక పేజీకి మించి చదవాలని కోరుకోరు. నా మొదటి స్టేట్‌మెంటులో ముప్పావు వంతు పరవాడే ఉంది. బస్సు దిగి గేటు లోపలికి వెళ్లే దారి దగ్గర మొదలై, వైద్యం దగ్గరికి వచ్చేసరికి చివరి పేరా అయింది. నాకు ఆ మూడేళ్ల మీద ఉన్న ప్రేమ అందులో కనిపించింది, ఇంటర్నల్ మెడిసిన్ మీద ఉన్నది కనిపించలేదు. రెండోసారి పొటాషియం రిపోర్టుతో మొదలుపెట్టి, పిపెట్టు సంగతిని ఆరు వరుసల్లో చెప్పి, మిగతాదంతా జనరల్ వార్డు గురించీ, ఎలాంటి ప్రోగ్రాములో ఏం నేర్చుకోవాలనుకుంటున్నానో దాని గురించీ రాశాను. నాలుగో వంతుకు మించి పాత ఉద్యోగం ఉండకూడదన్నది అప్పటి నుంచి నేను పాటిస్తున్న కొలత. ఎంచుకున్న స్పెషాలిటీకీ పాత పనికీ సంబంధం లేకపోతే లేదనే ఊరుకోండి. ఫిజియోథెరపీ చేసినవారు రిహాబిలిటేషన్ మెడిసిన్‌కు వెళ్తుంటే వంతెన దానంతటదే ఉంటుంది, అందరికీ ఉండాలని లేదు.

సిఫారసు లేఖలు

ఒక ప్రోగ్రాముకు 4 లేఖలకు మించి పంపలేరు. మీరు రోగులను చూస్తుండగా మిమ్మల్ని చూసిన డాక్టర్ల నుంచి మూడైనా ఉండాలి. పాత మేనేజరు లేఖను నాలుగోదిగా పెట్టడం, ఆయనకు మీ పని నిజంగా తెలిసినప్పుడే. లేఖను రాసినవారే పోర్టల్‌లో పెట్టాలి కాబట్టి, కంపెనీ మెయిలు వాడే మేనేజరుకు ఆ పద్ధతి ముందుగా ఫోనులో వివరించండి. కాలేజీలో మీ చీఫ్‌కు కూడా పాత ఉద్యోగం సంగతి చెప్పండి. “ఈ అబ్బాయి వయసులో పెద్ద, ల్యాబులో పనిచేసి వచ్చాడు, కేస్ షీటు రాయడంలో అది తెలిసేది” అని ఒక్క వాక్యం ఆయన రాస్తే, మీరు రాసుకున్న పేజీ కంటే దానికే విలువ.

ఇంటర్వ్యూలో

“మీ గురించి చెప్పండి” అన్నప్పుడు నిమిషంన్నరలో ముగించండి. అందులో పాత ఉద్యోగానికి అర నిమిషం. ఫోనులో రికార్డు చేసుకుని వినండి. మొదటిసారి విన్నప్పుడు నాది నాలుగు నిమిషాలు ఉంది.

వయసు, పెళ్లి, పిల్లల గురించి అడగకూడదని, రెసిడెన్సీ సీట్లు జతచేసే సంస్థ ఎన్‌ఆర్‌ఎంపీ నియమావళి చెబుతుంది. ఇంకెక్కడెక్కడ దరఖాస్తు చేశారని కూడా అడగకూడదు. కానీ వయసు తెచ్చే ప్రశ్న ఒకటి వేరే రూపంలో వస్తుంది: మీకంటే చిన్నవారు మీ పై రెసిడెంటుగా ఉండి ఆజ్ఞాపిస్తే ఎలా తీసుకుంటారు? “నాకు అహంకారం లేదు” అనడం జవాబు కాదు. ఏబీజీ (ధమని నుంచి తీసే రక్త పరీక్ష) కోసం మణికట్టు దగ్గర సూది ఏ కోణంలో పెట్టాలో నాకు నేర్పింది నాకంటే నాలుగేళ్లు చిన్నవాడైన మొదటి ఏడాది పీజీ. రెండుసార్లు తప్పాక నా వేలు పట్టుకుని నాడి మీద పెట్టి, “అన్నా, ఇక్కడ కొట్టుకుంటోంది, ఇప్పుడు పెట్టండి” అన్నాడు. నన్ను అన్నా అంటూనే నాకు నేర్పాడు. నేను అతన్ని సార్ అంటూనే నేర్చుకున్నాను. ఆ సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను, ఇంకో ప్రశ్న రాలేదు. మీకూ అలాంటిది తప్పక ఉంటుంది, వెతికి పట్టుకోండి.

పనిగంటల గురించి అడిగితే షిఫ్టుల అనుభవం పనికివస్తుంది. అక్కడి రెసిడెంట్లకు నాలుగు వారాల సగటున వారానికి 80 గంటలు పరిమితి. దానికి దగ్గరగా పనిచేయగలనని నమ్మించడానికి మూడేళ్ల సీ షిఫ్టులు మంచి సాక్ష్యమే. అయితే మా కంపెనీలో ఇలా చేసేవాళ్లం అని మాటిమాటికీ అనవద్దు. అడిగితేనే చెప్పండి.

ఇంటర్వ్యూ వీడియోలో అయితే సమయం రెండుసార్లు లెక్కవేసుకోండి. న్యూయార్కులో ఉదయం 8 గంటలంటే అక్టోబరులో మనకు సాయంత్రం 5:30. నవంబరు మొదటి ఆదివారం అక్కడి గడియారాలు గంట వెనక్కి వెళ్తాయి కాబట్టి ఆ తర్వాత అదే 8 గంటలు మనకు 6:30 అవుతుంది. పశ్చిమ తీరంలోని ప్రోగ్రాము అయితే శీతాకాలంలో రాత్రి 9:30. ఆ వేళకు కరెంటు పోయినా నడిచే ఏర్పాటు, బీచ్ రోడ్డు హారన్లు వినపడని గది, ఎదురుగా మీ తేదీల కాగితం సిద్ధంగా పెట్టుకోండి.